రహీం సాబు జట్టు – అభిమానుల వాదప్రతివాదములు

ఫుట్‌బాల్ ఆటను గూర్చి హైదరాబాదు పాతబస్తీలోను, సికింద్రాబాదు వీధులలోను నేటికిని సాగు చర్చలలో ఒక విశేషము కలదు. అక్కడ గొంతెత్తి వాదించువారిలో పెద్దపాలు తాము కన్నులార చూడని ఆటలను గూర్చియే వాదింతురు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును మైదానపు గట్టున నిలిచి చూచినవారు నేడెందరో లేరు. తండ్రి చెప్పగా విన్నవారును, మేనమామ చెప్పగా విన్నవారును, పత్రికల కత్తిరింపులను బీరువాలో దాచుకొన్నవారును మాత్రము కొల్లలుగా నున్నారు. అయినను నూర్ ముహమ్మదు ఎదుటివాని కాలినుండి బంతి నెట్లు లాగెడివాడో, తులసీదాసు బలరామును ఏ స్థానమున నిలుపవలసి యుండెనో వీరు ముచ్చటించుకొనునపుడు, ఆ ఆట నిన్న సాయంకాలమే ముగిసినదా యని క్రొత్తవానికి భ్రమ కలుగును.

ఈ చర్చల అడుగున నున్న ప్రశ్న యొక్కటే. ఆ జట్టును గెలిపించినది ఆటగాండ్ర పాదములా, లేక వారి నాడించిన సయ్యద్ అబ్దుల్ రహీమను బడిపంతులు బుద్ధియా? మొదటి పక్షమువారు ఆటగాండ్ర పేర్లను నామావళివలె చదువుదురు. రెండవ పక్షమువారు కాగితపు ముక్క చేత జిక్కిన చాలును, చుక్కలు పెట్టి బాణములు గీయ మొదలిడుదురు. నేనును ఈ ఊరి పక్షపాతినే కనుక తీర్పరి పీటపై కూర్చుండు అర్హత నాకు లేదు. కాని ఇరుపక్షములను చిరకాలము వినగా నాకు తోచిన దేమనగా, మొదటివారు నేర్పని మెచ్చుకొనునదియు, రెండవవారు వ్యూహమని మెచ్చుకొనునదియు ఒకే చోట, అనగా ఈ నగరపు బడిపిల్లల అభ్యాసమునందే, పుట్టినవనియు, ఆ చోటు బీడువారిన పిదప రెండింటిలో ఏదియు నిలువలేకపోయినదనియు. ఈ అభిప్రాయమునకు గల ఆధారములను, దానికి ఎదురునిలుచు సాక్ష్యములను కూడ, ఇచట పరిశీలించెదను.

పాత ఆటతీరు తెలియనిచో ఈ తగవు బోధపడదు. 1925లో ఆఫ్‌సైడు నిబంధన మారినది. అంతకుముందు బంతి నందుకొను ఫార్వర్డునకును గోలు గీతకును నడుమ ఎదుటి జట్టువారు ముగ్గురుండవలసి యుండగా, ఆ ఏటినుండి ఇద్దరున్న చాలునని నిర్ణయమయ్యెను. ఫార్వర్డులకు దారి సుగమమై గోలుల సంఖ్య పెచ్చు పెరుగగా, లండనులో ఆర్సెనల్ జట్టును నడపిన హెర్బర్ట్ చాప్‌మన్ మైదానమధ్యమున నుండు సెంటర్ హాఫును వెనుకకు లాగి, ఇద్దరు ఫుల్‌బ్యాకుల నడుమ మూడవ బ్యాకుగా నిలిపెను. ఐరోపా దేశములు క్రమముగా ఈ పద్ధతికి మరలినను, మన దేశమున రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదపను ఇద్దరు ఫుల్‌బ్యాకులు, ముగ్గురు హాఫులు, ఐదుగురు ఫార్వర్డులు అను ప్రాచీనమైన అమరికయే రాజ్యమేలెను. దీనిని కేవల మజ్ఞాన మనుట న్యాయము కాదు. మన ఆటగాండ్రలో ననేకులు బూట్లు లేక ఆడెడివారు; మన పోటీలు 90 నిముషములు గాక 70 నిముషములకే ముగిసెడివి. బూటు తొడుగని కాలికి బంతి పోకడ తెలిసినంతగా తొడిగిన కాలికి తెలియదు. ఆట పొట్టిదైనపుడు ఊపిరిని పొదుపు చేయవలసిన పని లేదు. కనుక ఒక్కొక్కడును తన కాలి కౌశలముతో ఇద్దరు ముగ్గురిని తప్పించి దూసికొనిపోవుటయే ఆటకు పరమావధి యని ప్రేక్షకులును, ప్రేక్షకుల చప్పట్లకు అలవాటుపడిన ఆటగాండ్రును నమ్మియుండిరి.

ఆ నమ్మికకు శిఖరప్రాయముగా నిలిచినది కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టు ముందువరుస. అప్పారావు, సాలే, ధనరాజ్, అహ్మద్ ఖాన్, వెంకటేశ్ అను ఆ ఐదుగురిని జనులు పంచపాండవులని పిలిచిరి. అభిమాని మనస్సు పేర్లను ప్రేమించును, వ్యవస్థలను ప్రేమింపదు అనుటకు ఈ బిరుదమే తార్కాణము. ఆ జట్టు వెనుకవరుసలో నిలిచి బంతిని వారికి అందించినవారికి ఏ పురాణములోను చోటు దొరకలేదు. మా పోలీసు జట్టును పొగడు తొందరలో హైదరాబాదువారు ఈ పాండవులను చులుకన చేయుదురు గాని, లెక్క వారనుకొన్నంత ఏకపక్షముగా లేదు. రోవర్స్ కప్పు ఐదేండ్లు మాదయ్యె ననుట నిజమే; 1950లో డ్యూరాండ్ కప్పును సైతము మేమే గెలిచితిమి; అయితే 1951లోను, 1952లోను ఆ డ్యూరాండును ఎత్తుకొనిపోయినది ఈస్ట్ బెంగాలే. అది తిరిగి మా చేత జిక్కుటకు 1954 రావలసి వచ్చెను. రెండు ఆటతీరులు సరియుజ్జీలుగా నుండిన కాలమది. వ్యూహపక్షమువారు ఈ సంగతిని సాధారణముగా మరచిపోవుదురు.

నేర్పుపక్షమువారు తమకు బలముగా చూపునది 1948 లండన్ ఒలింపిక్సు. అచట మనవారు, ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడి, ఫ్రాన్సు జట్టుతో 2-1 గోలులతో మాత్రమే ఓడిరి. ఆ ఆటలో మనకు దక్కిన రెండు పెనాల్టీ కిక్కులును వృథా యయ్యెను. ఆ రెండింటిలో ఒక్కటి లోనికి పోయినను కథ మారియుండెడిదని వీరి వాదము. వాదము బాగుగనే యున్నది, కాని నాలుగేండ్లు తిరుగకమునుపే హెల్సింకిలో యుగోస్లావియా మనవారిని 10-1 గోలులతో చిత్తుచేసెను. ఆ చలికి, తడిసిన పచ్చికకు పాదములు మొద్దుబారినవని సాకు చెప్పవచ్చును. పాదములు మొద్దుబారినచోట బుద్ధి పనిచేయవలెను గదా యని ఎదుటివారు సమాధానము చెప్పవచ్చును. ఏమైనను, పదింటినెత్తుకొని ఒక్కటి మాత్రమే తిరిగి యిచ్చిన ఆ పరాజయమునకు జట్టు శిక్షకుడుగా బాధ్యత వహించినవాడు, అంతకు మునుపటి సంవత్సరమే ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల స్వర్ణమును, ఇరానును 1-0తో ఓడించి, దేశమునకు తెచ్చిపెట్టిన రహీం సాబే. ఆ హెల్సింకి క్రీడలలోనే, మనవారిని మట్టికరపించిన యుగోస్లావియాను హంగరీ అంతిమపోటీలో 2-0తో ఓడించెను. మనలను ఓడించినవానిని ఓడించినవాడు ఎట్లాడెను? పంతులైనవాడు ఈ ప్రశ్నను విడిచిపెట్టడు.

రహీము 1909లో హైదరాబాదులో జన్మించి, నగరపు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. 1950నుండి తుదివరకు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. అతని వ్యూహముల గూర్చి వ్రాసినవారందరు మూడవ బ్యాకును, వెనుకకు జరిగిన సెంటర్ ఫార్వర్డును పేర్కొందురు. నేను మాత్రము అతడు పిల్లలకు పెట్టిన పోటీలను మొదట పేర్కొందును. వానిలో ఒకటి డ్రిబ్లింగు నిషేధించిన ఆట. బంతి నందుకొన్న పిల్లవాడు దానిని కాలితో తిప్పుకొనుచు ఎవనినైనను తప్పించి పోయెనా, ఈల మ్రోగును, బంతి ఎదుటివారి పాలగును. అందినవెంటనే, ఒక్క తాకుతోనో రెండు తాకులతోనో, తోడివాని కందింపవలెను. ఇట్లు నియమించిన వెనువెంటనే ఆటలో ఏమి జరుగునో యోచింపుడు. బంతి తన కాలికి చేరిన తరువాత తలయెత్తి తోడివానిని వెదకుటకు వ్యవధి లేదు. కనుక బంతి రాకమునుపే చుట్టును పరికింపవలెను. బంతి లేని తక్కిన పదిమంది నిలిచిన చోటనే నిలిచినచో అందించుటకు తావుండదు; కనుక బంతి లేనివాడే ఎక్కువగా పరుగెత్తవలెను. ఏ శాస్త్రమును బోధింపకయే, ఒక్క నిషేధముచేత, ఆ పిల్లవానికి వ్యూహము కాలిలోనికి దిగినది. మరియొక పోటీలో బలహీనమైన కాలితోనే, అనగా కుడికాలివాటమువాడు ఎడమకాలితోనే, ఆడవలెను. ఈ పద్ధతిలో పెరిగినవాడు పోలీసు ఉద్యోగములో చేరి రహీం సాబు ఎదుట నిలుచునప్పటికి, అతనికి క్రొత్తగా నేర్పవలసినది మిక్కిలి స్వల్పము.

డ్రిబ్లింగు నిషేధము నేర్పును చంపునని నేర్పుపక్షమువారు ఆనాడును గొణిగిరి, నేడును గొణుగుచుందురు. ఇది ఉత్త భయము. నిషేధము పోటీ వరకే. అసలు ఆటలో అవసరమైనచోట తప్పించి పోవుటను రహీము ఎన్నడును కాదనలేదు. కాదనియే యుండిన బలరాము వంటివాడు అతని చేతిలో పైకి వచ్చియుండునా?

మెల్‌బోర్నునకు వత్తము. 1956 ఒలింపిక్సులో హంగరీ జట్టు రాకపోవుటచే మనకు తొలి ఆట ఆడకయే గెలుపు దక్కెను. తరువాత ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2తో గెలిచితిమి. బొంబాయివాడైన నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. సెమీఫైనలులో యుగోస్లావియాకు ఎదురుగా మొదటి గోలు సైతము మనదే, అదియు డిసౌజాదే. పిదప మాత్రము వారు నాలుగు చేసిరి. కంచు పతకపు ఆటలో బల్గేరియా మనలను 3-0తో ఓడించుటచే నాలుగవ స్థానము దక్కెను. హెల్సింకిలో పది గోలులు చేసిన యుగోస్లావియాయే ఇచట నాలుగింటితో సరిపెట్టుకొనెను, అదియు మనము ముందంజలో నుండిన తరువాత. ఈ నాలుగేండ్ల భేదమును బూట్ల కొక్కదానికే అంటగట్టువారు కలరు. బూట్లు వచ్చినవి, నిజమే. కాని దానికంటె పెద్దమార్పు అమరికలో వచ్చినది. 1953 నవంబరులో వెంబ్లీ మైదానమున హంగరీ ఇంగ్లండును 6-3తో ఓడించిన నాడు, హిడెగ్‌కుటి అను వారి సెంటర్ ఫార్వర్డు ముందునిలువక వెనుకకు జరుగుచు మూడు గోలులు చేసెను. అతనిని కాచు సెంటర్ హాఫ్ వెంట బోయినచో వెనుక ఖాళీ, పోనిచో ఎదుట ఖాళీ. రహీము ఈ కిటుకును మెల్‌బోర్ను జట్టులో నిలిపి, డిసౌజాకు ఆ ఖాళీలోనికి దూరు అవకాశమును కల్పించెను. ఆ జట్టులో హైదరాబాదువారు నూర్, అజీజ్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాము, తంగరాజు మొదలుగా గలవారు అధికసంఖ్యలో నుండుట యాదృచ్ఛికము కాదు. ఈ అమరికకు కావలసిన చూపు చిన్ననాడే అలవడినవారు అప్పటికి దేశమున మరెక్కడను అంతమంది లేరు.

1958లో బ్రెజిల్ నలుగురు బ్యాకులతో, ఇద్దరు హాఫులతో, నలుగురు ఫార్వర్డులతో ప్రపంచ కప్పును గెలుచుటకు ముందే మా రహీం సాబు దానిని కనిపెట్టెనని ఛాతీ విరుచుకొను అభిమానులు కొందరున్నారు. ఈ ప్రాథమ్యవాదము నాకు రుచింపదు. ఎవడు ముందు కనిపెట్టెనను ప్రశ్న పేటెంటు కార్యాలయమునకు సంబంధించినది. ఎక్కడనో విన్నదానిని, చూచినదానిని తన ఊరి పిల్లల కాళ్లకు సరిపోవునట్లు మలచుకొనుట కనిపెట్టుటకంటె చిన్నపని యేమియు కాదు.

ఇక ఆటగాండ్ర విషయము. అన్నిటికంటె దీర్ఘమైన తగవు తులసీదాసు బలరాముది. సికింద్రాబాదు అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టిన ఈ బాలుని రహీము చూచి ఫతే మైదానమునకు అభ్యాసమునకు రమ్మనగా, అంతదూరము వచ్చుటకు తనవద్ద పైకము లేదని అతడు చెప్పెననియు, రహీము సైకిలు అద్దెకు డబ్బు లిచ్చెననియు గల కథను బలరాము తరువాతి కాలమున స్వయముగా చెప్పుకొనెను. అతని సహజస్థానము ఇన్‌సైడ్ లెఫ్టు. ఆ స్థానమునందే బెంగాలునుండి చునీ గోస్వామి ఉదయించెను. ఒక వరలో రెండు కత్తులు ఇముడవు కనుక, 1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోయిన జట్టులో రహీము చునీని లోపల నుంచి, బలరామును ఎడమ అంచునకు నెట్టెను. నేటికిని ఈ మాట ఎత్తిన సికింద్రాబాదువారి కంఠము హెచ్చును. తన చేతులతో పెంచిన పిల్లవానికే గురువు అన్యాయము చేసెననియు, కలకత్తా పెద్దల మెప్పునకై మనవానిని బలిపెట్టెననియు వారి అభియోగము. 1960 రోము ఒలింపిక్సులో, ఆ క్రీడలలో కంచు పతకము పొందిన హంగరీ చేతిలో మనము 2-1తో ఓడిన ఆటలో, మన ఒక్క గోలును చేసినది బలరాము గదా యని వారు సాక్ష్యము చూపుదురు.

సాక్ష్యము సత్యమే గాని, దానినుండి వారు తీయు సిద్ధాంతము నాకు సమ్మతము కాదు. అంచున నిలిచినవాని కన్నులకు మైదానమంతయు ఒకవైపుననే కనబడును. వీపునకు గీత కాపు. బంతి నందుకొనకమునుపే చూచు అలవాటు గలవానికి అది శిక్ష కాదు, సౌకర్యము. చునీ గోస్వామికి అట్లుకాదు. అతని ప్రతిభ అంతయు ఇరుకున, ఇద్దరి నడుమ, బంతిని కాలికి అంటించుకొని తిరుగుటలో నుండెను. అతనిని అంచున నిలిపినచో సగము ఆటగాడగును. బలరామును అంచున నిలిపినను ముప్పాతిక ఆటగాడైనను మిగులును. లోపలికి చొచ్చుకొనివచ్చి గోలు చేయుటను అతడు జకార్తాలోను మానలేదు. జపానుపై మనము 2-0తో గెలిచిన ఆటలో రెండవది అతనిదే. శిష్యుని ఎక్కువగా ఎరిగియుండుటచేతనే గురువు అతనిని కదల్చగలిగెను. పరాయివానిని కదల్చు ధైర్యము ఏ శిక్షకునకును అంత సులభముగా రాదు. అయినను ఈ మాటను సికింద్రాబాదులో ఏ హోటలులోనైనను చెప్పి చూడుడు, చాయి చల్లారువరకు మిమ్ములను లేవనీయరు.

తక్కినవారిని గూర్చి తగవు తక్కువ. నూర్, అజీజులను పోలీసు జట్టునకు వెన్నెముకయని ఇరుపక్షములవారును ఒప్పుకొందురు. పీటర్ తంగరాజు మొదట సెంటర్ ఫార్వర్డుగా ఆడి పిదప గోల్‌కీపరైనవాడు. అతని నిడుపైన దేహమును, చాచిన చేతులను వర్ణించుటలో సికింద్రాబాదు కుర్రవాండ్రు తమ తాతల నుడికారమునే వాడుదురు. యూసుఫ్ ఖానుకు మాత్రము అన్యాయమే జరిగినదని నా నిశ్చితాభిప్రాయము. బ్యాకుగా, హాఫుగా, ఫార్వర్డుగా ఎచట నిలిపిన అచట ఆడగలిగినవానికి ఏ స్థానపు చరిత్రలోను పేరుండదు. ఒక స్థానమునకు అంటిపెట్టుకొన్నవానినే అభిమాని గుర్తుంచుకొనును.

జకార్తా ఆటలను ఇరుపక్షములును తమ విజయముగానే చెప్పుకొందురు; అందుచేత వానిని కొంచెము నిదానముగా చూడవలెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. థాయిలాండుపై 4-1తో గెలిచిన ఆటలో, వెనుకవరుసకు గోడవంటివాడైన జర్నయిల్ సింగు తల పగిలి బయటకు పోవలసివచ్చెను. సెమీఫైనలునకు అతడు తలకట్టుతో తిరిగి వచ్చినను, ఆ గాయముతో వెనుక నిలిచి ఎదుటివారి తలలతో ఢీకొనుట ప్రమాదము. అపుడు రహీము చేసిన పని నేర్పుపక్షమువారికి వెర్రిగను, వ్యూహపక్షమువారికి వేదముగను తోచును. బ్యాకును తెచ్చి సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన ఆ ఆటలో చునీ రెండు గోలులు చేయగా, మూడవది జర్నయిల్ సింగుది. సెప్టెంబరు 4న జరిగిన అంతిమపోటీలో ఎదుట నిలిచినది మరల దక్షిణ కొరియాయే. జ్వరమునుండి లేచిన తంగరాజును, అంతవరకు గోలు కాచిన ప్రద్యుత్ బర్మనునకు బదులుగా, రహీము గోలులో నిలిపెను. ఇజ్రాయెలు, తైవానులకు ప్రవేశము నిరాకరించిన సంగతిపై మన ప్రతినిధి సోంధీ అభ్యంతరము చెప్పుటచే కనలియున్న లక్షమంది ప్రేక్షకులు మనవారి కాలికి బంతి తగిలినపుడెల్ల కేకలు వేయుచుండిరి. 17వ నిముషమున పి.కె. బెనర్జీ, 20వ నిముషమున తలకట్టు గల జర్నయిల్ సింగు గోలులు చేసిరి. కొరియా 85వ నిముషమున ఒకటి చేసినను, 2-1తో స్వర్ణము మనదయ్యెను.

బెనర్జీ, గోస్వామి, అరుణ్ ఘోష్, జర్నయిల్, తంగరాజు, బలరాము ఒక్క జట్టులో దొరికినచో ఎవడైనను గెలుచునని నేర్పుపక్షమువారందురు. ఇందు నిజము కొంత గలదు. అంతటి తరము మరల రాలేదు. కాని వారే మొదటి ఆటలో అదే కొరియా చేతిలో ఓడిరి గదా! పదిరోజులలోపున, గోల్‌కీపరు తప్ప, మారినది ఆటగాండ్రు కాదు, వారు నిలిచిన చోటులు. అట్లని వ్యూహపక్షమువారికి పూర్తి విజయమును కట్టబెట్టుటకును వీలులేదు. రహీం సాబు పుప్పుసపు కాన్సరుచే 1963 జూన్ 11న మరణించిన పిదప, ఆటగాండ్రలో అనేకులు మిగిలియుండియు, 1964లో ఆసియా కప్పులో రెండవ స్థానముతో సరిపెట్టుకొని, 1966 బ్యాంకాక్ క్రీడలలో మొదటి దశలోనే వెనుదిరిగిరి. వ్యూహపు గుణమే ప్రధానమైనచో, దానిని కాగితముపై వ్రాసికొని మరియొకడు నడపియుండవలెను. ఎవడును నడపలేకపోయెను. ఆటగానిలోని ఏ గుణము ఏ చోట పనికివచ్చునో తెలిసికొనుటకు అతనిని పిల్లనాడే చూచియుండవలెను, లేదా పిల్లలను చూచి చూచి ఆటగాని నెరుగు కన్ను సంపాదించియుండవలెను. ఆ కన్ను పంతులుది.

ఊపిరి చాలమిని గూర్చియు ఒక వాదము కలదు. 70 నిముషముల ఆటకు అలవడిన మనవారు 90 నిముషముల పోటీలలో తుది ఘట్టమున డస్సిపోయెడివారని కొందరు పెద్దలు చెప్పుదురు. ఇది తిరుగులేని మాట. బంతిని పరుగెత్తించి, దానిని కాలికి అంటించుకొని తాను పరుగెత్తని రహీము పద్ధతి ఈ లోపమునకు కూడ ఒక మందేయని నేననుకొందును. ఇంతకు మించి ఇందు చర్చింపదగినది లేదు.

కలకత్తాను గూర్చి చర్చింపవలసినది మాత్రము చాలనున్నది. బలరాము 1957లో ఈస్ట్ బెంగాలునకు పోయెను. 1966లో నయీముద్దీనును, మహమ్మద్ హబీబును అదే దారి పట్టిరి. నయీము 1970 బ్యాంకాక్ క్రీడలలో కంచు పతకము గెలిచిన భారత జట్టునకు నాయకుడయ్యెను. హబీబు 1977లో మోహన్ బగాన్ పక్షమున, పీలే ఆడవచ్చిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో 2-2తో సమముగా ముగిసిన ఆటలో గోలు చేసెను. ఈ పేర్లు చెప్పుకొని హైదరాబాదు అభిమాని ఒక కంట ఆనందబాష్పములు, ఒక కంట దుఃఖబాష్పములు రాల్చును. పోలీసు కొలువు జీతముపై బ్రతుకవలసినవాడు కలకత్తా క్లబ్బుల పిలుపును ఎట్లు తోసిపుచ్చును? పోయినవారిని నిందించు అభిమానులతో నాకు పొత్తు కుదరదు. అదిగాక, పోవుట కొత్త కాదు. 1957లో బలరాము పోయిన పిదపను ఆ ఏటి రోవర్స్ కప్పు పోలీసు జట్టునకే దక్కెను, సంతోష్ ట్రోఫీని హైదరాబాదు వరుసగా రెండవమారు గెలిచెను. పిదప ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారిన ఆ జట్టే 1961లో డ్యూరాండును తెచ్చెను. ఒకడు పోయిన మరియొకడు వచ్చుచున్నంతకాలము కలకత్తా మనకు గండి కాలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినది, అదియే కడపటిది. అప్పటికి రహీము లేడు; అతని పోటీలలో పెరిగిన పిల్లలు పెద్దవారైరి; వారి వెనుక వచ్చిన పిల్లలకు ఆ ఈల వినబడలేదు. మైదానములు క్రికెట్టునకును, కట్టడములకును పోయినవని చెప్పు కారణము నిజమే గాని, అది తరువాతి సంగతి.

చివరగా నేటి ముచ్చట. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్‌సి, 2022 మార్చి 20న గోవా ఫతోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్సును, 1-1 సమముగా ముగిసిన ఆట పిదప పెనాల్టీలలో 3-1తో ఓడించి, ఇండియన్ సూపర్ లీగును గెలుచుకొనెను. శిక్షకుడు స్పెయినువాడైన మనోలో మార్కెజ్. ఆ ఏట 18 గోలులు చేసిన నైజీరియావాడు ఓగ్బెచేను నేర్పుపక్షపు యువకులు ఆకాశమున కెత్తిరి. బంతి పోయిన మరుక్షణమే మూకుమ్మడిగా దానిపై బడు మార్కెజ్ ఏర్పాటును వ్యూహపక్షపు యువకులు పటములు గీసి వివరించిరి. తాతల తగవు మనుమల నోట అక్షరము తప్పక వినవచ్చుట చూచి నాకు నవ్వు వచ్చినది. అయితే భేద మొకటి గలదు. వెనుకవరుసలో మార్కెజ్ నమ్మి నిలిపిన ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశమువాడు, ఆశిష్ రాయ్ సిక్కిమువాడు, పెనాల్టీలను ఆపిన లక్ష్మీకాంత్ కట్టిమణి గోవావాడు. పరాయివారగుట వారి దోషము కాదు. కుర్రవారిని నమ్మినందుకు మార్కెజును మెచ్చుకొనవలసినదే. వారు మాత్రము వేరుచోట నేర్చుకొని ఇచటికి వచ్చిరి, ఇచటినుండి వేరుచోటికి పోయిరి. తుదకు 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. దానికి ఒక ఏడాది ముందు, 2024 డిసెంబరులో, సంతోష్ ట్రోఫీ చివరి ఘట్టము మన నగరముననే జరిగెను. ఆతిథేయమైన తెలంగాణ జట్టు క్వార్టర్ ఫైనలునకు చేరలేదు. 31వ తేదీ రాత్రి గచ్చిబౌలి మైదానమున బెంగాలు 1-0తో కేరళను గెలిచెను.